గ్లాస్నౌ కూడా గాయంతో అవుట్, అక్టోబర్‌లో మన డాడ్జర్స్‌కి బాల్ ఎవరు వేస్తారు?

నీలం_టోపీ | 2024 సెప్టెంబర్ 20

అందరికీ నమస్తే. నిన్న మన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ బేస్‌బాల్ టీమ్ మయామీతో ఆడిన మ్యాచ్ ఆఫీసులో ఫోన్ పక్కన పెట్టుకుని చూశా. ఒహ్తాని ఆరుకి ఆరు హిట్లు, అందులో మూడు హోమ్ రన్లు, రెండు స్టీల్స్ (బేస్ దొంగిలించడం), 10 ఆర్‌బీఐలు (అతని బ్యాట్ వల్ల వచ్చిన రన్లు), సీజన్‌లో 50 హోమ్ రన్లు, 50 స్టీల్స్, అంటే 50-50 అని అందరూ ఎదురుచూస్తుంటే 51-51 దగ్గర ఆగాడు. 20-4 తో గెలిచాం, ప్లేఆఫ్స్ కూడా ఖాయమైపోయాయి, వరసగా 12వ ఏడాది. పాత టీమ్ ఏంజెల్స్‌లో ఆరేళ్ళు ఆడి ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా ఆడని మనిషి, మొదటిసారి వెళ్తున్నాడు అంటే నాకు నిజంగా కళ్ళు చెమర్చాయి.

కానీ ఇంటికొచ్చి కూర్చుని మన పిచింగ్ ఎవరెవరున్నారా అని రాసుకుంటుంటే ఆ సంతోషం అంతా దిగిపోయింది. గ్లాస్నౌకి మోచేయి స్ప్రెయిన్, ఈ సీజన్‌కి ఇక లేడు. గావిన్ స్టోన్ భుజం, ఆగస్టు 31 తర్వాత మళ్ళీ వేయలేదు. కెర్షా ఆగస్టు 30న ఆరిజోనాలో కాలి బొటనవేలు నొప్పితో రెండో ఇన్నింగ్స్‌లోనే దిగిపోయాడు. రివర్ రయన్ పాపం స్టార్టర్‌గా (మ్యాచ్ మొదటి బాల్ నుంచి వేసే పిచర్) నాలుగంటే నాలుగు మ్యాచ్‌లు వేసి టామీ జాన్ సర్జరీకి (మోచేతి లిగమెంట్ ఆపరేషన్) వెళ్ళాడు. ఎమ్మెట్ షీహన్ టామీ జాన్, గోన్సోలిన్ టామీ జాన్, కైల్ హర్ట్ టామీ జాన్. డస్టిన్ మే మోచేయి బాగుచేసుకుని వస్తాడనుకుంటే అన్నవాహిక చిరిగి ఆపరేషన్ అయింది. బాబీ మిల్లర్ భుజం నొప్పి నుంచి తిరిగొచ్చినా పోయినేడాది మనిషి కాదు. ఇంకా ఒహ్తాని, అతని మోచేతి సర్జరీ అయి ఏడాది, ఈ సీజన్ అంతా బ్యాటింగే.

అంటే ఐఎల్‌లో (గాయపడ్డవాళ్ళ లిస్ట్) ఉన్నవాళ్ళతో ఇంకో టీమ్ రొటేషన్ (వంతులవారీగా వేసే స్టార్టర్లు) మొత్తం కట్టొచ్చు, బయట మిగిలింది యమమోటో, ఫ్లాహర్టీ, బ్యూలర్, రూకీ ల్యాండన్ నాక్. యమమోటో కూడా మూడు నెలలు భుజం నొప్పితో కూర్చుని ఈ నెల 10నే కదా వచ్చింది. బ్యూలర్ ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చే రన్లు) 5 పైనే ఉంది.

నేను క్రికెట్ చూస్తూ పెరిగినోణ్ణి, బేస్‌బాల్ మూడేళ్ళ నుంచే సీరియస్‌గా ఫాలో అవుతున్నా, అందుకే పాతవాళ్ళని అడుగుతున్నా. క్రికెట్‌లో అయితే మెయిన్ బౌలర్లు ముగ్గురు లేకపోతే ఇక టెస్ట్ సిరీస్ మీద ఆశ వదులుకోవడమే. ఇక్కడ కూడా అంతేనా? ఈ చేతులతో వరల్డ్ సిరీస్ (ఫైనల్) దాకా వెళ్ళిన టీమ్‌లు ఉన్నాయా? గేమ్ 1 ఎవరికి ఇవ్వాలి, నాలుగో మ్యాచ్ ఎవరు వేస్తారు? 700 మిలియన్లకి ఒహ్తానిని, 325 మిలియన్లకి యమమోటోని తెచ్చిన ఏడాదే ఇలా అవ్వాలా అని చాలా బాధగా ఉంది.


ఎలీషియన్_గేటు

తమ్ముడూ, నీ లిస్ట్ కరెక్టే. ఇంకా పెద్దదే, నువ్వు రిలీవర్లని, అంటే స్టార్టర్ దిగాక వచ్చి వేసేవాళ్ళని, కలపలేదు.

నేను 1990ల చివర నుంచి చూస్తున్నా. ఇన్ని చేతులు ఒకే ఏడాది పోవడం నాకు గుర్తున్నంతలో లేదు. అయినా ఆశ వదులుకోవద్దు అంటా, ఊరికే ధైర్యం చెప్పడానికి కాదు, లెక్క ఉంది, అది కింద ఎవరో ఒకరు చెప్తారు, నేను ముందు ఒక పాత విషయం చెప్తా.

2021లో మనకి 106 విన్స్. షర్జర్, బ్యూలర్, కెర్షా, పేర్లు చూస్తే ఎవరికైనా వణుకు పుట్టే రొటేషన్. కెర్షా సీజన్ ఆఖర్లో ముంజేయి పట్టేసి అవుట్. ప్లేఆఫ్స్‌లో జెయింట్స్‌తో గేమ్ 5లో షర్జర్‌ని తొమ్మిదో ఇన్నింగ్స్‌కి తెచ్చి మ్యాచ్ క్లోజ్ చేయించారు, గెలిచాం, అందరం గంతులేశాం. ఆ తర్వాత బ్రేవ్స్‌తో ఎన్‌ఎల్‌సీఎస్‌లో (నేషనల్ లీగ్ ఫైనల్) అతని చెయ్యి అలసిపోయి చచ్చుబడ్డట్టయింది, గేమ్ 6 వేయలేనన్నాడు, బ్యూలర్‌ని మూడు రోజుల రెస్ట్‌తోనే దించారు, ఎడ్డీ రొసారియో మూడు రన్ల హోమ్ రన్ కొట్టాడు, సీజన్ అక్కడితో సరి. అంటే పెద్ద పేర్లు ఉన్నప్పుడు వాళ్ళ మీదే మొత్తం బరువు వేసి అరగదీశాం.

అదే ఏడాది మనల్ని కొట్టిన బ్రేవ్స్‌ని చూడు. 88 విన్స్‌తో వచ్చారు. వరల్డ్ సిరీస్ గేమ్ 1లో చార్లీ మోర్టన్ కాలికి బాల్ తగిలి ఎముక విరిగింది, విరిగిన కాలితోనే ఇంకో ముగ్గురు బ్యాటర్లకి వేసి దిగాడు, ఇక లేడు. గేమ్ 4, గేమ్ 5 ఆస్ట్రోస్ లాంటి బ్యాటింగ్ మీద సరైన స్టార్టర్ లేకుండా బుల్‌పెన్‌తోనే, అంటే రిలీవర్లతోనే, లాగారు, ఒకటి గెలిచారు, ఒకటి ఓడారు, ఆరు మ్యాచ్‌ల్లో కప్ ఎత్తారు. పోయినేడాది రేంజర్స్‌కి కూడా వాళ్ళ స్టార్టర్ డిగ్రామ్ టామీ జాన్ సర్జరీకి వెళ్ళాడు, వాళ్ళూ కప్ కొట్టారు.

కాబట్టి నీ ప్రశ్నకి జవాబు, ఉన్నాయి, ఈ మధ్యే ఉన్నాయి.


ఎడమచేతివాటం

ఎలీషియన్ అన్న చెప్పిన లెక్క నేను చెప్తా. కొంచెం పొడుగవుతుంది.

ముందు క్రికెట్ పోలిక పక్కన పెట్టు బ్రో. టెస్ట్‌లో 20 వికెట్లు తీయడానికి ఐదు రోజులు, బౌలర్ మళ్ళీ మళ్ళీ స్పెల్‌కి వస్తాడు. ఇక్కడ ఒకసారి దిగినవాడు ఆ మ్యాచ్‌లోకి మళ్ళీ రాడు. నీకు కావలసింది 27 ఔట్లు, అవి ఎవరు తీశారు అని స్కోర్‌బోర్డు అడగదు. రెగ్యులర్ సీజన్‌లో 162 మ్యాచ్‌లు, ఖాళీ రోజులు తక్కువ, అందుకే ఐదుగురు స్టార్టర్లు కావాలి, లేకపోతే జూన్ కల్లా బుల్‌పెన్ చచ్చిపోతుంది. అక్టోబర్ అలా కాదు, మధ్యలో ఖాళీ రోజులు ఉంటాయి.

ఇప్పుడు క్యాలెండర్ చూడు. డివిజన్ సిరీస్ (ప్లేఆఫ్స్‌లో ఐదు మ్యాచ్‌ల రౌండ్) గేమ్ 1 అక్టోబర్ 5, గేమ్ 2 ఆరున, ఏడు ఖాళీ, గేమ్ 3 ఎనిమిదిన, గేమ్ 4 తొమ్మిదిన, పది ఖాళీ, గేమ్ 5 పదకొండున. యమమోటోని గేమ్ 1కి పెట్టావనుకో, గేమ్ 5కి అతనికి మధ్యలో ఐదు పూర్తి రోజులు వస్తాయి. అతను జపాన్‌లో వారానికి ఒకసారి వేసి అలవాటైన మనిషి, ఇక్కడ కూడా ఈ సీజన్‌లో వీలైనంత వరకు ఎక్స్‌ట్రా రెస్ట్ ఇస్తూనే వచ్చారు. ఇంతకన్నా అతనికి సరిపోయే షెడ్యూల్ ఉండదు. గేమ్ 2 ఫ్లాహర్టీ, గేమ్ 3 బ్యూలర్, గేమ్ 4 మొత్తం బుల్‌పెన్. గేమ్ 4లో అందర్నీ వాడేసినా మర్నాడు ఖాళీయే కదా, ఊపిరి తీసుకుని గేమ్ 5కి మళ్ళీ రెడీ.

అంటే మనకి నలుగురు స్టార్టర్లు అక్కర్లేదు, ముగ్గురు చాలు, అందులో ఒక్కొక్కడు 15 ఔట్లు తీస్తే చాలు. మిగతా 12 ఔట్లకి ఎవరున్నారో చూడు. ఎవాన్ ఫిలిప్స్, ట్రైనెన్, డేనియల్ హడ్సన్, బ్రేజర్, లెఫ్టీగా వెసియా. జులై ఆఖర్లో వైట్ సాక్స్ నుంచి తెచ్చిన కోపెక్ అయితే గంటకి 100 మైళ్ళ దగ్గర వేస్తున్నాడు, మన దగ్గరికి వచ్చాక అతని మీద రన్ తీయడమే గగనం అయింది. చికాగోలో రోజూ ఓడిపోయే టీమ్‌లో అదే చెయ్యి, ఇక్కడికొచ్చాక ఎంత మారిపోయాడో. అదే ట్రేడ్‌లో టామీ ఎడ్మన్ కూడా వచ్చాడు.

ట్రైనెన్ సంగతి కూడా చెప్పాలి, భుజం సర్జరీతో 2023 మొత్తం పోయింది, ఈ మార్చిలో ప్రాక్టీస్ మ్యాచ్‌లో బాల్ ఎగిరొచ్చి పక్కటెముకలు విరిగాయి, మేలో వచ్చాడు, ఇప్పుడు పక్కకి తిరిగే ఆ స్వీపర్ బాల్ వేస్తుంటే రైట్ హ్యాండ్ బ్యాటర్ల మోకాళ్ళు వంగిపోతున్నాయి. ఇలాంటోళ్ళు ఆరుగురున్న బుల్‌పెన్‌ని బ్యాకప్ అనకూడదు, అదే మన అసలు పిచింగ్.

ఇంకొకటి. బ్యాటర్ ఒక స్టార్టర్‌ని ఒకే మ్యాచ్‌లో మూడోసారి చూసేసరికి బాగా కొడతాడు, ఇది అన్ని టీమ్‌లకీ తెలిసిన విషయం. ఐదో ఇన్నింగ్స్‌లో కొత్త చెయ్యి తెస్తే ఆ అవకాశమే ఉండదు. 2018లో రేస్ టీమ్ సెర్జియో రోమో అనే రిలీవర్‌ని మొదటి ఇన్నింగ్స్‌కి పంపినప్పుడు చాలామంది తిట్టారు, ఇప్పుడు అది అందరూ చేస్తున్నదే. డెట్రాయిట్‌ని చూడండి, ఫ్లాహర్టీని మనకి అమ్మేసి, స్కూబల్ ఒక్కణ్ణి పెట్టుకుని, మిగతా రోజులు బుల్‌పెన్‌తోనే లాగుతూ వైల్డ్ కార్డ్ (డివిజన్ గెలవని టీమ్‌లకి ఇచ్చే ప్లేఆఫ్ చోటు) రేసులోకి వచ్చేశారు.


అక్టోబర్_గండం

లెక్కలు బావున్నాయి కానీ నాకు నమ్మకం లేదు, క్షమించాలి. మీరంతా పేపర్ మీద ఔట్లు కూడుతున్నారు, నేను పోయిన రెండేళ్ళు స్టేడియంలో కూర్చుని చూశా.

2022, 111 విన్స్, పాడ్రెస్ కంటే 22 మ్యాచ్‌లు ముందు. ప్లేఆఫ్స్‌లో వాళ్ళ చేతిలోనే ఓడి నాలుగు మ్యాచ్‌ల్లో ఇంటికి. గేమ్ 4లో 3-0 ఆధిక్యంలో ఉండి ఏడో ఇన్నింగ్స్‌లో ఐదు రన్లు ఇచ్చాం, ఇచ్చింది ఎవరు? బుల్‌పెనే. 2023, 100 విన్స్, 84 విన్స్ ఉన్న ఆరిజోనా చేతిలో 3-0. ఆ సిరీస్‌లో మన ముగ్గురు స్టార్టర్లు కలిపి ఎన్ని ఇన్నింగ్స్ వేశారో తెలుసా? నాలుగు ఇన్నింగ్స్, రెండు ఔట్లు. 13 రన్లు. కెర్షా గేమ్ 1లో ఒక్క ఔట్ తీసి ఆరు రన్లు ఇచ్చాడు, ఆ రోజు స్టేడియం ఎంత నిశ్శబ్దంగా ఉందో నాకింకా చెవుల్లో ఉంది. అతన్ని అలా చూడాల్సి వచ్చినందుకే ఎక్కువ ఏడుపొచ్చింది. లాన్స్ లిన్ ఒకే ఇన్నింగ్స్‌లో నాలుగు హోమ్ రన్లు ఇచ్చాడు, ప్లేఆఫ్స్ చరిత్రలోనే ఎప్పుడూ లేదంట.

అంటే పోయినేడాది కూడా అచ్చం ఇదే కథ, సీజన్ అంతా గాయాలు, అక్టోబర్ కల్లా వేసేవాడు లేడు, అప్పుడు కూడా బుల్‌పెన్ ఉంది కదా అన్నారు. ఎడమచేతి బ్రో, స్టార్టర్ రెండో ఇన్నింగ్స్‌లోనే దిగిపోతే నీ 15 ఔట్లు ఆరు అయిపోతాయి, మిగతా 21 ఆ ఆరుగురే తీయాలి. ఇంకోటి, బ్యాటర్ స్టార్టర్‌ని మూడోసారి చూస్తే కొడతాడన్నావ్, మరి ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో కోపెక్‌ని, ఫిలిప్స్‌ని కూడా నాలుగోసారి చూస్తారు కదా? ఆ 100 మైళ్ళకి కూడా కళ్ళు అలవాటు పడతాయి. ఐదు మ్యాచ్‌ల వరకు నీ లెక్క ఒప్పుకుంటా, ఏడు మ్యాచ్‌లకి ఒప్పుకోను.

1988 తర్వాత పూర్తి సీజన్ ఆడి కప్ కొట్టింది లేదు మనం. 2020 నాకు కూడా ఇష్టమే, కానీ అది 60 మ్యాచ్‌ల సీజన్. ఆ 1988లో హెర్షైజర్ 267 ఇన్నింగ్స్ వేశాడు, 15 మ్యాచ్‌లు మొదట్నుంచి చివరిదాకా ఒక్కడే, వరసగా 59 ఇన్నింగ్స్ రన్ ఇవ్వలేదు. ఈ ఏడాది మన టీమ్‌లో అందరికంటే ఎక్కువ వేసిన స్టోన్ 140 దాటగానే భుజం పట్టేసింది. ఏం జరుగుతోందసలు ఈ చేతులకి?


రెండో_ఇన్నింగ్స్_అమ్మ

ఆఖరి ప్రశ్న నన్ను ఆపింది, అందుకే రాస్తున్నా. నేను మామూలుగా చదివి వెళ్ళిపోతా. మా అబ్బాయికి 12 ఏళ్ళు, లీగ్‌లో పిచర్, అందుకని ఈ మోచేయి గొడవ గురించి నేను మా ఇంట్లో అందరికంటే ఎక్కువ చదివాను.

మోచేయి లోపలి వైపు చిన్న లిగమెంట్ ఉంటుంది, యూసీఎల్ అంటారు. గట్టిగా విసిరిన ప్రతిసారీ చెయ్యి వెనక్కి వంగి ముందుకొచ్చే ఆ క్షణంలో బరువంతా దాని మీద పడుతుంది. కండరం అయితే కసరత్తుతో పెంచుకోవచ్చు, లిగమెంట్‌ని అలా పెంచలేం. అదే తెగితే చేతిలోంచో కాల్లోంచో ఒక టెండన్ తీసి, ఎముకలకి కన్నాలు పెట్టి, దాని చోట కుడతారు. కోలుకోడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర. మొదటిసారి చేసింది మన డాడ్జర్స్ పిచర్ టామీ జాన్‌కే, డాక్టర్ ఫ్రాంక్ జోబ్, 1974 సెప్టెంబర్ 25. వచ్చే బుధవారానికి సరిగ్గా 50 ఏళ్ళు. ఆయన తిరిగొచ్చి ఇంకో 164 మ్యాచ్‌లు గెలిచాడు, 1989 దాకా ఆడాడు. ఆ ఆపరేషన్ పుట్టిన టీమ్‌లోనే ఇప్పుడు ఇంతమంది దాని కోసం క్యూలో ఉండటం చూస్తే నాకు మనసు బరువెక్కుతుంది.

ఇది మన ఒక్క టీమ్ సంగతి కాదు. ఈ ఏప్రిల్‌లోనే వేరే టీమ్‌ల పిచర్లు స్పెన్సర్ స్ట్రైడర్, షేన్ బీబర్, యూరీ పెరెజ్ ముగ్గురూ మోచేతి గాయంతోనే సీజన్‌కి దూరమయ్యారు. 2008లో సగటు ఫాస్ట్‌బాల్ 91, 92 మైళ్ళ మధ్య ఉండేది, ఇప్పుడు 94 దాటింది. ఊరికే స్పీడ్ కాదు, ప్రతి బాల్ పూర్తి బలంతో వేయాలి, హెర్షైజర్ కాలంలో బలం దాచుకుని ఎనిమిదో ఇన్నింగ్స్‌కి వాడేవాళ్ళు, ఇప్పుడు దాచుకుంటే ఆ రోజే హోమ్ రన్ అయిపోతుంది. కొందరు పిచ్ క్లాక్ (బాల్ వేయడానికి టైం లిమిట్) కారణం అంటారు, రన్నర్లు ఉన్నప్పుడు 20 సెకన్లు ఉండేది ఈ ఏడాది 18 చేశారు, బాల్‌కీ బాల్‌కీ మధ్య చెయ్యి కోలుకోడానికి టైం లేదని ఆటగాళ్ళ యూనియన్ గట్టిగానే అంది, లీగ్ ఒప్పుకోలేదు. నాకు మాత్రం స్పీడే అసలు కారణం అనిపిస్తుంది, క్లాక్ లేని రోజుల్లోనే ఈ సర్జరీలు పెరగడం మొదలైంది.

మా వాడి వయసుకి రోజుకి 85 పిచ్‌లకి మించి వేయకూడదని రూల్, 66 గానీ అంతకంటే ఎక్కువ గానీ వేస్తే నాలుగు రోజులు పిచింగ్ చేయకూడదు. పోయిన వసంతంలో ఒక కోచ్ రెండు టీమ్‌లకి కలిపి ఒకే వీకెండ్‌లో వేయించాడు, లెక్క ఎవరూ రాయలేదు, సోమవారం పొద్దున వాడు పళ్ళు తోముకోడానికి ఎడమ చెయ్యి వాడుతుంటే చూశాను. అప్పట్నుంచి లెక్క నేనే రాస్తున్నా. అందుకే గ్లాస్నౌ వార్త వచ్చినప్పుడు కొందరు అతన్ని గాజుబొమ్మ అని రాస్తుంటే నాకు చాలా కోపం వచ్చింది. 2021లో టామీ జాన్ అయిన మనిషి, అంతకుముందు ఏ ఏడాదీ 120 ఇన్నింగ్స్ దాటనివాడు, ఈసారి 134 వేశాడు, 168 మందిని స్ట్రైకౌట్ చేశాడు. మనం ఇప్పుడు డివిజన్‌లో ముందున్నామంటే అతని చెయ్యి అరిగిందనే.


ఎడమచేతివాటం

అమ్మగారూ, చివరి మాట నూటికి నూరు శాతం నిజం. అబ్బాయి చెయ్యి ఇప్పుడు బావుందని ఆశిస్తున్నా.

గండం బ్రో, ఏడు మ్యాచ్‌ల సంగతి నువ్వన్నది ఒప్పుకుంటా, అక్కడే నాకూ భయం. అందుకే నాక్ ముఖ్యం. అందరూ నాక్‌ని మర్చిపోతున్నారు, ఓడిపోతున్న మ్యాచ్‌లో మూడు నాలుగు ఇన్నింగ్స్ మింగేసి కోపెక్‌ని, ట్రైనెన్‌ని ఆ రోజు బ్యాటర్ల కంట పడకుండా దాచేవాడు ఒకడుండాలి. మన మేనేజర్ రాబర్ట్స్ 6-1 తో వెనకబడిన మ్యాచ్‌ని వదిలేసే ధైర్యం చేయాలి, మనలాంటి ఫ్యాన్స్ ఆ రోజు తిట్టకుండా ఉండాలి. అన్ని మ్యాచ్‌లూ గెలవాలని ఆరుగుర్నీ రోజూ తెస్తే నువ్వు చెప్పినట్టే అవుతుంది.

2023తో పోల్చడం మాత్రం కరెక్ట్ కాదు. పోయినేడాది యమమోటో లేడు. జూన్ 7న యాంకీ స్టేడియంలో ఏడు ఇన్నింగ్స్, రెండు హిట్లు, సున్నా రన్లు, అది మామూలు చెయ్యి కాదు. మొన్న 10న కబ్స్ మీద నాలుగే ఇన్నింగ్స్ ఇచ్చారు, అందులో ఎనిమిది స్ట్రైకౌట్లు. ఆ స్ప్లిట్టర్ కింద పడుతుంటే వాళ్ళ బ్యాట్లు గాలిలో తిరిగాయి.


కొత్త_ఫ్యాన్_51

ఒహ్తాని బుల్‌పెన్‌లో బాల్ వేయడం మొదలెట్టాడు కదా, అక్టోబర్‌లో ఒక్క ఇన్నింగ్స్ అయినా వేయించొచ్చు కదా? రాబర్ట్స్ కూడా పూర్తిగా కొట్టిపారేయలేదు. డబ్ల్యూబీసీ (దేశాల మధ్య జరిగే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్) ఫైనల్‌లో ట్రౌట్‌ని అవుట్ చేసినట్టు తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వస్తే... ఆలోచిస్తేనే ఒళ్ళు పులకరిస్తోంది.


ఎలీషియన్_గేటు

వద్దు. దయచేసి వద్దు. ఏడాది క్రితం సర్జరీ అయింది, ఇంకా ఒక్క బ్యాటర్ ఎదురుగా నిలబడి వేయలేదు, రోజూ బేస్‌లు దొంగిలిస్తూ డైవ్ కొడుతున్నాడు, అతని కాంట్రాక్ట్ 2033 దాకా ఉంది. ఆ ఒక్క ఇన్నింగ్స్ కోసం రాబోయే తొమ్మిదేళ్ళ పిచింగ్ పందెం పెట్టడం నాకు ఇష్టం లేదు. పైన అమ్మగారు రాసింది ఇంకోసారి చదువు. అతను ఈ అక్టోబర్‌లో పిచింగ్‌కి చేసే సాయం బ్యాట్‌తోనే. మొదటి ఇన్నింగ్స్‌లోనే ఒహ్తాని, బెట్స్, ఫ్రీమన్ వరసగా వచ్చి రెండు మూడు రన్లు పెడితే మన పిచర్ ప్రతి బాల్‌కీ చచ్చేంత బలం పెట్టక్కర్లేదు. బెట్స్ చెయ్యి విరిగి రెండు నెలలు లేడు, మన్సీ మేలో గాయంతో తప్పుకుని ఆగస్టులో వచ్చాడు, ఇప్పుడు లైనప్ నిండుగా ఉంది. పిచింగ్ గురించి అడిగితే బ్యాటింగ్ గురించి చెప్తున్నాడేంటి అనుకోవద్దు, రెండూ ఒకటే.


ఎలీషియన్_గేటు

బ్యూలర్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేనే చెప్తా. రెండుసార్లు టామీ జాన్ అయిన మనిషి, మొదటిది 2015, రెండోది 2022. మేలో తిరిగొచ్చాడు, ఏడాది అంతా దెబ్బలు తింటున్నాడు, నిజమే. కానీ 2018 వరల్డ్ సిరీస్ గేమ్ 3లో ఏడు ఇన్నింగ్స్ సున్నా రన్లు, ఆ 18 ఇన్నింగ్స్ మ్యాచ్ గుర్తుందిగా, 2020 గేమ్ 3లో ఆరు ఇన్నింగ్స్‌లో 10 స్ట్రైకౌట్లు. ఆ ఫాస్ట్‌బాల్ ఇప్పుడు లేదు, ఆ గుండె మాత్రం ఎక్కడికీ పోలేదు. గేమ్ 3 బాల్ నా చేతిలో ఉంటే అతనికే ఇస్తా, నాలుగు ఇన్నింగ్స్ అడుగుతా, అంతకంటే ఒక్క బాల్ ఎక్కువ అడగను.


గోధుమరంగు_జెర్సీ

శాన్ డియేగో నుంచి, పాడ్రెస్ ఫ్యాన్‌ని. మీ బాధ అర్థమైంది కానీ మమ్మల్ని మర్చిపోయి అక్టోబర్ గురించి మాట్లాడుకుంటున్నారు. మీరు 91-62, మేము 87-66, నాలుగు మ్యాచ్‌ల తేడా, తొమ్మిది మిగిలాయి, మంగళవారం నుంచి మీ ఇంట్లోనే మూడు మ్యాచ్‌లు. ఈ ఏడాది మీ మీద 7-3 మాది, అంటే టై అయితే డివిజన్ మాదే, టై తేల్చడానికి ఆడే 163వ మ్యాచ్ ఇప్పుడు లేదు. డిలన్ సీజ్, మైకేల్ కింగ్ ఏడాదంతా నిలబడ్డారు, మస్‌గ్రోవ్ ఆగస్టులో వచ్చాడు, డార్విష్ ఈ నెలలో వచ్చాడు. మీవాళ్ళు వెళ్తుంటే మావాళ్ళు తిరిగొస్తున్నారు. గౌరవంతోనే చెప్తున్నా, ఈసారి మా టైం.


అక్టోబర్_గండం

ఇదిగో, ఇదే నేను భయపడేది.


ఎడమచేతివాటం

పాడ్రెస్ బ్రో చెప్పిన అంకెలు కరెక్టే, మ్యాజిక్ నంబర్ 6, అంటే మన గెలుపులు, వాళ్ళ ఓటములు కలిపి ఇంకో ఆరు అయితే డివిజన్ మనదే. నా లెక్క మొత్తం ఈ మూడు మ్యాచ్‌ల మీదే ఉంది, అది పైన చెప్పాల్సింది, మర్చిపోయా. డివిజన్ గెలిస్తే మొదటి రెండు సీడ్స్‌లో ఉండే అవకాశం ఎక్కువ, అప్పుడు బై వస్తుంది (మొదటి రౌండ్ ఆడక్కర్లేదు), 29న సీజన్ అయ్యాక అక్టోబర్ 5 దాకా ఐదు రోజులు చేతులకి విశ్రాంతి. పోగొట్టుకుంటే వైల్డ్ కార్డ్, అక్టోబర్ 1 నుంచి మూడు మ్యాచ్‌లు, మన ఇంట్లోనే అయినా యమమోటో, ఫ్లాహర్టీ ఇద్దర్నీ అక్కడే వాడేయాలి, ఇక డివిజన్ సిరీస్ గేమ్ 1 ఎవరు వేస్తారు? బై వచ్చిన టీమ్‌లకి బ్యాట్‌లు తుప్పు పడతాయి అంటారు, 2022, 2023 రెండేళ్ళూ మనం బై తీసుకునే ఓడిపోయాం, నిజమే. కానీ ఈ ఏడాది మన దగ్గర ఉన్న చేతులకి తుప్పు కంటే అలసటే పెద్ద శత్రువు.

కాబట్టి నీలం టోపీ బ్రో, నువ్వడిగిన దానికి నా జవాబు: డివిజన్ గెలిస్తే ఈ పిచింగ్‌తో వరల్డ్ సిరీస్ సాధ్యమే, గెలవకపోతే చాలా కష్టం.


నీలం_టోపీ

అందరికీ చాలా థాంక్స్, ఇన్ని విషయాలు ఒక్కచోట దొరుకుతాయనుకోలేదు. అమ్మగారు రాసింది రెండుసార్లు చదివా, మా అన్న కొడుకు కూడా ఇప్పుడే బాల్ వేయడం మొదలెట్టాడు, ఆ 85, 66 అంకెలు అన్నకి పంపించా.

క్యాలెండర్ సంగతి నాకు అసలు తట్టలేదు, రాసుకున్న పేపర్ మీద పోయినవాళ్ళ పేర్లే ఉన్నాయి, మళ్ళీ కూర్చుని 5, 6, 8, 9, 11 తారీఖులు వేసి ఎదురుగా ఉన్నవాళ్ళ పేర్లు రాశా. నాలుగు గడులు నిండాయి, తొమ్మిదో తారీఖు గడిలో ఒక పేరు పట్టలేదు, ఆరు రాయాల్సి వచ్చింది.

బుధవారం 25న పాడ్రెస్ మ్యాచ్‌కి రెండు టికెట్లు తీసుకున్నా. టామీ జాన్ సర్జరీకి 50 ఏళ్ళు అయ్యే రోజు అదేనని అమ్మగారు చెప్పాకే తెలిసింది. గండం అన్నా, రెండేళ్ళు ఆ స్టేడియంలో ఒక్కడివే కూర్చుని ఏడ్చావు కదా, రెండో టికెట్‌కి ఇంకా ఎవర్నీ పిలవలేదు, వస్తావా?


అక్టోబర్_గండం

వస్తా తమ్ముడూ. పెవిలియన్ అయితే ఆరింటికల్లా గేటు దగ్గర ఉండు, మన బుల్‌పెన్ వార్మప్ దగ్గర్నుంచి చూద్దాం, కోపెక్ బాల్ గ్లౌవ్‌లో పడే చప్పుడు నేను ఇంకా ఒక్కసారి కూడా వినలేదు.